చలాన్ ఎంత పడ్తది?

గజ్వేల్ రోడ్డు మీద పోలీసులు చెకింగ్ పెట్టారంటే ఆ కబురు దౌల్తాబాద్‌కు ఫోన్ కంటే ముందే చేరుతుంది. అటు పోయిన బండ్లు రెండు వెనక్కి తిరిగొస్తాయి, తర్వాత నాలుగు. పావుగంటలో నా దుకాణం ముందు ఎక్సెల్‌లు, స్ప్లెండర్లు బారుగా నిలబడతాయి. దిగినవాడు లోపలికి కూడా రాడు. గడప మీద చెయ్యి ఆనించి ఒకటే మాట అడుగుతాడు.

"సార్, ఇన్సూరెన్స్ లేకుంటే చలాన్ ఎంత పడ్తది?"

ఇన్సూరెన్స్ ఎంతయితది అని ముందుగా అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముందు చలాన్ ఖరీదు, ఆ తర్వాతే పాలసీ ఖరీదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది చవకో చూసుకుంటారు. నేను బండ్ల ఇన్సూరెన్స్ ఏజెంటుగా మొదలుపెట్టిన రోజు నుంచి ఈ బేరం ఇట్లనే నడుస్తోంది.

నాకున్నది ఒక జిరాక్స్ మెషిన్, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, అట్ట చినిగిన పొడుగు రిజిస్టర్. 2006లో ఈ పనిలోకి వచ్చినప్పుడు మా మండలం మెదక్ జిల్లాలో ఉండేది, మా అసెంబ్లీ నియోజకవర్గం పేరు దొమ్మాట. ఆ తర్వాత అది దుబ్బాక అయింది. దొమ్మాట మళ్ళీ మా మండలంలో ఒక ఊరుగా మిగిలింది. ఆ మొదటి రోజుల్లో కార్బన్ పేపరు పెట్టి చేత్తో కవర్ నోట్ రాసిచ్చేవాళ్ళం. బండ్లన్నీ ఏపీ 23. తెలంగాణ వచ్చాక టీఎస్ 15 అయ్యాయి. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 36, 2024 మార్చి నుంచి టీజీ 36. ఎడ్ల పళ్ళు చూసి వయసు చెప్పే ముసలాయనలాగా నేను నంబరు ప్లేటు చూసి బండి వయసు చెబుతాను. దానికి ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా చాలాసార్లు చెప్పేస్తాను.

టీజీ 36 అయితే ఉన్నట్టే. ఎందుకంటే 2018 జూలైలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట, ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ (అంటే మన బండి తగిలినవాళ్ళకు పరిహారమిచ్చే ఇన్సూరెన్స్), కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ షోరూములోనే తీసుకోవాల్సి వచ్చింది. మంచి పనే. కానీ దాని వెనక ఒక చిక్కు ఉంది. ఏటా నా దుకాణం మెట్లెక్కే అలవాటు ఐదేళ్ళలో పోయింది. 2018 దసరాకు కొన్న బండి పాలసీ 2023 దసరా నాటికి చచ్చిపోయింది, బండి మాత్రం నడుస్తూనే ఉంది. "షోరూమోళ్ళే అంతా చేసిండ్రు గద సార్" అంటారు. చేశారు. దానికీ ఒక తారీఖు ఉంటుందని ఎవరికీ గుర్తులేదు.

ఇంకా పాత టీఎస్ 15, ఏపీ 23 బండ్ల సంగతి వదిలేయండి. సొంత బండికి ఆర్సీ 15 ఏళ్ళుంటుంది. ఆ 15 ఏళ్ళలో బండి కాయితాలు తెమ్మని ఏ ఆఫీసూ పిలవదు. ఆటో, ట్రాలీ ఆటో నడిపేవాళ్ళు ఫిట్‌నెస్‌కు పోవాలి కాబట్టి అప్పుడైనా ఇన్సూరెన్స్ కట్టుకుంటారు. మా ఊరి పిల్లవాడొకడు దుబాయిలో డ్రైవరు. అక్కడ ఏటా ముల్కియా (అక్కడి ఆర్సీ) చేయించుకోవాలి, ఇన్సూరెన్స్ లేకుండా ముల్కియా కాదు అని చెప్పాడు. మరి నీ బండిదో అని అడిగితే, ఇంటి దగ్గరున్న బండికి మూడేళ్ళుగా లేదన్నాడు నవ్వుకుంటూ. తప్పు మనిషిదే అంటే నేను ఒప్పుకోను. గుర్తుచేసే చోటున్నప్పుడు అదే మనిషి కడుతున్నాడు కదా.

సరే, చలాన్ సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో 146వ సెక్షన్ ఇన్సూరెన్స్ లేని బండిని బహిరంగ స్థలంలో నడపొద్దంటుంది. నడిపితే ఏమిటన్నది 196వ సెక్షన్. 2019 సవరణకు ముందు మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సవరణ తర్వాత మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000. జైలు మాట అట్లనే ఉంది. ఆ సవరణ 2019 సెప్టెంబరు 1న వచ్చినప్పుడు, పెరిగిన జరిమానాలు ఇక్కడ అమలు చేయబోమని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. దాంతో మా దగ్గర ఒక మాట స్థిరపడిపోయింది: "మన తెలంగాణల ఆ కానూన్ లేదంట గదా." కానూన్ ఉంది. రాష్ట్రం చేతిలో ఉన్నది రోడ్డు మీద ఎంత తీసుకుని కేసు ముగించాలన్న మొత్తం మాత్రమే. చట్టాన్ని ఎవరూ చింపేయలేదు.

196లో మరో ముక్క ఉంది. నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడూ దోషే. బామ్మర్ది వచ్చి తాళం చెవి అడిగితే ఇస్తాం. పెళ్ళికి వచ్చిన చుట్టం అడిగితే ఇస్తాం. పక్కింటి పిల్లగాడు కోడి తెస్తానంటే ఇస్తాం. ఆ పిల్లగాడికి 18 నిండకపోతే అది ఇంకో పెద్ద కథ. 2019లో చేర్చిన 199ఏ ప్రకారం ఆ పిల్లగాడి తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా. బండి ఇవ్వనంటే మర్యాద పోతుందని ఇచ్చేవాళ్ళకు ఈ ముక్క చదివి వినిపిస్తుంటాను. వింటారు. తాళం చెవి మళ్ళీ ఇస్తారు.

అవతలి వైపు లెక్క. 75 నుంచి 150 సీసీ లోపు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. ఇది 2022 జూన్ 1 నుంచి కేంద్రం పెట్టిన రేటు. జీఎస్టీ 18 శాతం కలిపితే 843 అవుతుంది. పాత ఎక్సెల్ సూపర్ 75 సీసీ లోపలిది కాబట్టి ఇంకా తక్కువ, 538 మీద జీఎస్టీ. ఏ కంపెనీలో తీసుకున్నా ఈ రేటు మారదు. మీదికెళ్ళి నాకొచ్చేది రెండు మూడు కప్పుల టీ డబ్బులు. కాబట్టి కమిషన్ కోసం భయపెడుతున్నాడు అనుకోకండి. అట్లా అనుకునేవాళ్ళు మా ఊళ్ళో కొంతమంది ఉన్నారు, వాళ్ళకూ టీ పోస్తాను.

843 ఎందుకు కట్టాలో చెప్పడానికి గోడ మీద చాక్‌పీసుతో ఒక లెక్క రాసి ఉంచాను. బండి తగిలి చనిపోయిన మనిషికి 32 ఏళ్ళు అనుకోండి. మేస్త్రీ పని, నెలకు 12,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీద ఆధారపడ్డవాళ్ళు. సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పినట్టు, 40 లోపు వయసుండి సొంత పని చేసుకునేవాడికి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి. 16,800 అయింది. అందులో సొంత ఖర్చు నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం ఆ వయసుకు 16తో గుణించాలి. 24,19,200. దీని మీద దహన ఖర్చులు, భార్యాపిల్లలకిచ్చేవి, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ అదనం.

పాలసీ ఉంటే ఈ మొత్తం కంపెనీ కడుతుంది. థర్డ్ పార్టీ ప్రాణానికి ఇంతే అనే హద్దు లేదు. పాలసీ లేకపోతే బండి యజమాని కట్టాలి. కట్టకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ రాస్తుంది, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేస్తారు. ఆ గోడ కింద ఎవరో పిల్లలు భాగహారం చేసి పెట్టారు: 24,19,200లో 843 రూపాయలు 2,869 సార్లు పోతాయని. తప్పు లేదు, నేను సరిచూశాను. ఏసుక్రీస్తు పుట్టకముందు నుంచి ఏటా పాలసీ కడుతూ వచ్చినా ఇంకా బాకీ మిగులుతుందన్నమాట.

ఇది చూపించినా "మనకేమైతది సార్, ఈడికెళ్ళి ఆడికే గదా" అంటారు. ఈడికెళ్ళి ఆడికే. ఇంటి నుంచి పత్తి చేను దాకా, ఇందుప్రియాల్ నుంచి దౌల్తాబాద్ దాకా. నా రిజిస్టర్‌లో ప్రమాదాలైన బండ్లలో ఎక్కువ భాగం ఈ ఈడికెళ్ళి ఆడికి పోయినవే.

ఒక సాయంత్రం తెలిసినతను ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, జల్ది ఒక పాలసీ కొట్టు, ఆర్సీ ఫోటో పంపుతున్న." ఎందుకంత తొందర అంటే చెప్పడు. చివరికి చెప్పాడు. గంట కింద బండి ఒకాయనకు తగిలిందట, ఇంకా పోలీస్ స్టేషన్‌కు పోలేదట. పాలసీ మీద తారీఖే కాదు, గంటా నిమిషం కూడా అచ్చవుతాయి. ప్రీమియం ముట్టిన తర్వాతే పూచీ మొదలవుతుందని 1938 బీమా చట్టంలో 64వీబీ సెక్షన్ ఉంది. దవాఖానా చీటీ మీద, ఎఫ్ఐఆర్ మీద కూడా టైము ఉంటుంది. రెండు కాయితాలు పక్కపక్కన పెడితే అది మోసం కేసు అవుతుంది. చేయనన్నాను. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, పాలసీ మాత్రం వేరే దగ్గర తీసుకుంటున్నాడు. తీసుకుంటున్నాడు కదా, అదే చాలు.

ట్రాక్టర్ గురించి చెప్పకపోతే మా మండలం గురించి ఏమీ చెప్పనట్టే. ఇంజన్‌కు ఇన్సూరెన్స్ ఉంటుంది. ట్రాలీకి వేరే నంబరు, వేరే రిజిస్ట్రేషన్ ఉంటాయి, దాన్ని కూడా పాలసీలో చూపించాలని చాలామందికి తట్టదు. పాలసీలో వ్యవసాయ పనులకు అని ఉంటుంది. ఆ ట్రాలీలోనే కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతారు, ఏడుపాయలకు పోతారు, పెళ్ళివాళ్ళను దింపుతారు, పత్తి ఏరడానికి ఇరవై మంది ఆడవాళ్ళను ఎక్కిస్తారు. సరుకు బండిలో ఎక్కించుకున్న ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పాలసీ ఉండీ లేనట్టే. ఆ ఇరవై మందిలో ఎవరికి ఏమైనా అడిగేది ట్రాక్టర్ యజమానినే. దీని మీద నేను ఊరూరా చెప్పి విసిగిపోయాను. బస్సు టైముకు రాని ఊరికి వెళ్ళి ట్రాలీ ఎక్కొద్దని చెప్పడం తేలిక.

బండి వెనక కూర్చున్న భార్యకు కూడా ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో ఏమీ రాదు. 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఇది చెప్పగానే మొగుళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువ కోపం చేస్తారు. "మేము మనుషులం కాదా సారూ" అని ఒక అవ్వ నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. కొంచెం ఎక్కువ కట్టి ప్యాకేజీ పాలసీ తీసుకోమన్నాను.

ఇక ఆ రిజిస్టర్.

అందులో ఏడు గళ్ళు: పేరు, ఊరు, బండి నంబరు, పాలసీ మొదలు, పాలసీ ఆఖరు, ఫోన్, చివర ఖాళీ గడి ఒకటి. ప్రతి నెలా ఒకటో తారీఖున కూర్చుని ఆ నెలలో ముగిసేవాళ్ళకు ఫోన్లు చేస్తాను. చనిపోయినవాళ్ళు, ఊరు విడిచిపోయినవాళ్ళు ఉంటారు. బండి అమ్మేశాం అన్నవాళ్ళకు ఆఖరి గడిలో ఎర్ర పెన్నుతో 'అమ్మిండు' అని రాసి గీత కొట్టేస్తాను. నా పని అంతటితో అయిపోయిందనుకునేవాణ్ణి.

2022లో ఒకరోజు పొద్దున్నే ఒక కాక వచ్చాడు. అరవై దాటాయి, రెండెకరాల రైతు. రుమాలులో చుట్టిన కవరు నా టేబుల్ మీద పెట్టాడు. "గిదేందో చూడు బిడ్డా, పోస్టాయన సంతకం పెట్టించుకుని ఇచ్చిండు." తీసి చూశాను. ఎంవీఓపీ నోటీసు, అంటే ప్రమాద పరిహారం కేసుది. ఒక మనిషిని బండి గుద్ది తొడ ఎముక విరిగింది, నష్టపరిహారం కోరుతున్నాడు. మొదటి ప్రతివాది బండి నడిపిన కుర్రాడు. రెండో ప్రతివాది బండి యజమాని, మా కాక. మామూలుగా మూడో ప్రతివాదిగా ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంటుంది. ఇందులో మూడో పేరే లేదు.

"నేను గా బండి అమ్మి ఐదేండ్లాయె బిడ్డా. చేగుంట దిక్కు మేస్త్రీకి అమ్మిన, పద్నాలుగు వేలకు. సంతకాలు కూడా పెట్టిచ్చిన."

పెట్టిచ్చాడు, నిజమే. ఖాళీ ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీ చేతికిచ్చి, డబ్బులు తీసుకుని చేతులు దులుపుకున్నాడు. ఆ మేస్త్రీ ఇంకొకరికి అమ్మాడు, అతను తన మేనల్లుడికి ఇచ్చాడు. ఫారాలు ఏ సీటు కింద నలిగిపోయాయో తెలియదు. ఆర్టీఏ లెక్కలో యజమాని పేరు మారలేదు. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో ఆయనే యజమాని, పరిహారం ఆయనే ఇవ్వాలని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని చట్టం. కాకకు 14 రోజుల మాట ఎవరు చెప్పాలి?

అది నాకు అప్పుడే తగిలింది. ఆయన వెళ్ళాక రిజిస్టర్ తిరగేశాను. 2017 పేజీలో ఉంది. ఆయన పేరు, ఊరు, ఏపీ 23తో మొదలయ్యే నంబరు, పాలసీ ఆఖరు తారీఖు, దాని పక్కన నా చేతిరాతతో ఎర్రగా 'అమ్మిండు'. ఆ రోజు ఫోన్‌లో ఆ ఒక్క మాట విని పేరు కొట్టేశాను. ఆర్సీ మార్పించావా కాకా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. కమిషన్ రాని బండి గురించి మాట్లాడి ఏం లాభం అనుకున్నానో, మరి ఆ నెలలో ఫోన్లు ఎక్కువున్నాయో, ఇప్పుడు చెప్పలేను.

సిద్దిపేట కోర్టుకు ఆయనతో నాలుగుసార్లు పోయాను. రెండోసారి అక్కడ దెబ్బ తగిలిన మనిషిని చూశాను. చేతికర్ర పట్టుకుని, వరండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సైకిల్ మీద పాలు పోసేవాడట. తొడలో రాడ్డు ఉంది, ఇంకోసారి ఆపరేషన్ కావాలన్నారట. అప్పటిదాకా నేను మా కాక తరఫు మనిషిని. ఆ తర్వాత ఎవరి తరఫో నాకే తెలియలేదు. కంపెనీ పేరు ఆ నోటీసులో ఉండి ఉంటే ఈ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన పనే ఉండేది కాదు. ఒక బీదవాడికి రావాల్సిన డబ్బు ఇంకో బీదవాడి దగ్గర వసూలు చేయడం, ఇన్సూరెన్స్ లేకపోవడమంటే అది.

బండి పోలీసుల దగ్గరే ఉండిపోయింది. ఇన్సూరెన్స్ లేని బండి మనిషికి దెబ్బ తగిలిస్తే, యజమాని తగినంత పూచీ చూపించేదాకా వదలొద్దని, మూడు నెలల్లో చూపించకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేసేలా రాష్ట్రాలు రూల్సు రాసుకోవాలని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ పాత స్ప్లెండర్‌ను వేలం వేస్తే ఎంతొస్తుంది, చేతికర్ర ఖర్చుకు సరిపోతుందేమో.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. నడిపిన కుర్రాడి దగ్గర ఏమీ లేదు. మేస్త్రీ ఫోన్ ఎత్తలేదు. కాక రోడ్డు పక్కన పది గుంటలు అమ్మి రెండు విడతలుగా కట్టాడు. మొత్తం ఎంతన్నది ఆయన రాయొద్దన్నాడు, రాయను. కోర్టు బయట చెట్టు కింద నిలబడి నన్నొక్కటే అడిగాడు. "బిడ్డా, మరి పోలీసోళ్ళు పట్టుకుంటే చలాన్ ఎంత పడ్తుండె?" రెండు వేలు అన్నాను. ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకున్నాడు.

ఆ ఏడాది నుంచి రిజిస్టర్‌లో ఎనిమిదో గడి గీశాను: 'ఆర్సీ మారిందా?' అమ్మిండు అని ఒట్టిగా రాయడం మానేశాను. కొత్త ఆర్సీ ఫోటో చూస్తే తప్ప పేరు కొట్టేయను. అమ్మిన బండి ఇంకా మీ పేరు మీద ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని పేరులో కొన్ని అక్షరాలు, ఇన్సూరెన్స్ ఆఖరు తారీఖు కనపడతాయి. ఫోన్ చేతకాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లలను అడగండి, వాళ్ళకు రెండు నిమిషాల పని.

పాత పేజీలు కూడా వెనక్కి తిప్పుతున్నాను. 'అమ్మిండు' అని ఎర్రగా రాసినవి చాలానే ఉన్నాయి. రోజూ రాత్రి దుకాణం కట్టేముందు నలుగురైదుగురికి ఫోన్ చేస్తున్నాను. సగం నంబర్లు పనిచేయడం లేదు. మీరెప్పుడైనా దౌల్తాబాద్‌లో నా దగ్గర బండి కాయితాలు చేయించుకుని, ఆ తర్వాత ఆ బండి ఎవరికైనా అమ్మి ఉంటే, బండి నంబరు ఒక చీటీ మీద రాసుకుని ఒకసారి రండి. తొమ్మిదింటికి దుకాణం తీస్తాను. ఈ పనికి పైసలు తీసుకోను.